సీఏపీఎం పరీక్ష సన్నద్ధత: కోనసీమ అభ్యర్థులకు

ప్రాజెక్టు నిర్వహణ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారి కోసం అమెరికాలోని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ (పీఎంఐ) నిర్వహించే ధ్రువీకరణ పరీక్ష సీఏపీఎం. దీని పూర్తి పేరు సర్టిఫైడ్ అసోసియేట్ ఇన్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. పని అనుభవం అడగదు, డిగ్రీ కూడా అడగదు. అందుకే అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నవారికి, డిగ్రీ ముగించి హైదరాబాద్ వైపో గల్ఫ్ వైపో చూస్తున్నవారికి ఇది అందుబాటులో ఉన్న పరీక్ష. గోదావరి పాయల మధ్య పెరిగినవారికి ప్రాజెక్టులు కొత్త కాదు. కాలువలు, వంతెనలు, చమురు బావులు, పాతికేళ్లుగా నిర్మాణంలోనే ఉన్న రైలు మార్గం అన్నీ కళ్లెదుటే ఉన్నాయి. కొత్తగా అలవరచుకోవలసింది మరొకటి. చూసినదాన్ని, చేసినదాన్ని పీఎంఐ కోరే మాటల్లో, పీఎంఐ కోరే వరసలో కాగితం మీద పెట్టడం. ఈ పరీక్షలో తప్పేవారు ఎక్కువగా తడబడేది అక్కడే.

పుట్టుక

పీఎంఐ 1969లో ఏర్పడింది. అనుభవజ్ఞుల కోసం పీఎంపీ పరీక్షను 1984లోనూ, ప్రవేశస్థాయి సీఏపీఎంను 2003లోనూ మొదలుపెట్టింది. ఈ సంస్థ ప్రధాన గ్రంథం పీఎంబాక్ గైడ్ తొలి కూర్పు 1996లో వెలువడింది. 2017 నాటి ఆరో కూర్పులో 49 ప్రక్రియలు, 10 విజ్ఞాన విభాగాలు, 5 ప్రక్రియా సమూహాలు ఉండేవి. అప్పటి సీఏపీఎం దాదాపుగా వాటిని బట్టీ పట్టే పరీక్షే. 2021లో వచ్చిన ఏడో కూర్పు ఆ అట్టహాసాన్ని పక్కనపెట్టి 12 సూత్రాలు, 8 పనితీరు రంగాలు అంటూ కొత్త దారి పట్టింది. 2023 జులై చివర్లో పరీక్ష స్వరూపం కూడా మారిపోయింది.

ఈ తేదీని గుర్తుపెట్టుకోవలసిన కారణం ఒకటుంది. పాత పుస్తకాల దుకాణాల్లోనూ, సీనియర్లు జూనియర్లకు అప్పగించే నోట్సుల్లోనూ ఇప్పటికీ కనిపించేది ఎక్కువగా 2023కు ముందటి సరుకే. 49 ప్రక్రియల పట్టికను కంఠతా పట్టడానికి నెల రోజులు వెచ్చించిన వ్యక్తికి ఈనాటి ప్రశ్నపత్రంలో సగం కొత్తగా అనిపిస్తుంది. పీఎంఐ ఉచితంగా ఇచ్చే పరీక్షాంశాల పత్రాన్ని ముందు చదివి, పుస్తకాలు ఆ తర్వాత కొనడం మంచిది. పరీక్ష నడిచేది ఆ పత్రాన్ని బట్టే. ఏ ఒక్క పుస్తకం కూర్పునూ అది అనుసరించదు.

పీఎంఐకి హైదరాబాద్‌లో పెర్ల్ సిటీ పేరుతో శాఖ ఉంది. తెలుగు రాష్ట్రాల అభ్యర్థులకు దగ్గరగా ఉన్న వృత్తి సంఘం ఇదే.

అర్హత, దరఖాస్తు

ఇంటర్మీడియట్ స్థాయి చదువు ఉండాలి. దానికి తోడు ప్రాజెక్టు నిర్వహణలో 23 గంటల శిక్షణ పొంది ఉండాలి. ఈ 23 గంటలు పీఎంఐ సొంత ఆన్‌లైన్ కోర్సులో కావచ్చు, గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలో కావచ్చు, కళాశాలలో చదివిన సబ్జెక్టూ కావచ్చు. 2021లో కోర్సెరా వేదికపై వచ్చిన గూగుల్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ కూడా ఈ గంటలకు పనికొస్తుంది. కాకినాడ జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉన్న కళాశాలల్లో, అంటే ఓడలరేవు, చెయ్యేరు వంటి చోట్ల, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌ను ఐచ్ఛికంగా చదివినవారు ఆ సిలబస్ ప్రతిని, మార్కుల జాబితాను దాచుకోవడం మేలు. దరఖాస్తుల్లో కొన్నింటిని పీఎంఐ తనిఖీకి ఎంచుకుంటుంది. అప్పుడు ఆధారాలు చూపించాలి.

రుసుము అమెరికా లెక్కలో పీఎంఐ సభ్యులకు 225 డాలర్లు, ఇతరులకు 300 డాలర్లు. దేశాన్ని బట్టి ఇది మారుతుంది. విద్యార్థులకు తక్కువ రుసుముతో సభ్యత్వం దొరుకుతుంది కాబట్టి, కట్టే ముందు రెండు లెక్కలూ వేసుకోవాలి. దరఖాస్తు ఆమోదం పొందిన నాటి నుంచి ఏడాది గడువు ఉంటుంది. ఆ ఏడాదిలో మూడుసార్లు రాయవచ్చు, రెండోసారి నుంచి మళ్లీ రుసుము కట్టాలి.

దరఖాస్తులో చిన్నదిగా కనిపించి పెద్ద చిక్కు తెచ్చేది పేరు. గోదావరి జిల్లాల పేర్లు పొడవైనవి. ఇంటిపేరు ముందు, ఆ వెనక వెంకటో సత్యనారాయణో, చివర పిలిచే పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడిపోయి ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఇంకోలా ఉంటుంది. పరీక్ష రోజున చూపించే గుర్తింపు పత్రంలోని పేరూ, పీఎంఐ ఖాతాలోని పేరూ అచ్చంగా ఒకటే కావాలి. తేడా ఉంటే లోపలికి రానివ్వకపోవచ్చు, కట్టిన రుసుమూ పోవచ్చు. ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అందులో ఉన్నట్టే నింపడం సులువైన దారి.

పరీక్ష స్వరూపం

ప్రశ్నలు 150, సమయం 3 గంటలు. అందులో 15 ప్రశ్నలకు మార్కులు లేవు. అవి పీఎంఐ తన ప్రయోగం కోసం కలిపేవి, ఏవో తెలియవు. 75 ప్రశ్నల తర్వాత 10 నిమిషాల విరామం ఉంటుంది. విరామానికి లేచాక మొదటి సగానికి తిరిగి వెళ్లడం కుదరదు. సరాసరిన ఒక్కో ప్రశ్నకు 72 సెకన్లు దక్కుతాయి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేవే ఎక్కువ. జతపరచడం, లాగి సరైన చోట పెట్టడం, బొమ్మలో ఒక చోటును గుర్తించడం వంటివీ ఉంటాయి.

అంశాల వాటా ఇలా ఉంది. ప్రాథమిక భావనలకు 36 శాతం, ముందస్తు ప్రణాళికతో నడిచే పద్ధతులకు 17, అజైల్ పద్ధతులకు 20, బిజినెస్ అనాలిసిస్‌కు 27. ఉత్తీర్ణతకు ఎన్ని మార్కులు రావాలో పీఎంఐ ప్రకటించదు. ఫలితంలో అంకెలు ఉండవు. ఒక్కో విభాగంలో లక్ష్యానికి పైనా, లక్ష్యం దగ్గరా, కిందా అన్నట్టు స్థాయిని మాత్రమే తెలుపుతుంది. ఎంసెట్ ర్యాంకుల లెక్కలో పెరిగిన మన పిల్లలకు ఇది కాస్త వెలితిగానే ఉంటుంది.

తెలుగులో ఈ పరీక్ష లేదు. ఇంగ్లిష్‌లోనే రాయాలి.

ప్రాథమిక భావనలు

ఒక ప్రత్యేకమైన ఫలితం కోసం, నిర్ణీత కాలంలో ముగిసేలా చేపట్టే పని ప్రాజెక్టు. రోజూ సాగుతూనే ఉండేది కార్యకలాపం. కొబ్బరి తోటలో దింపు, ఒలుపు కార్యకలాపాలు. పాత తోట కొట్టేసి కొత్త మొక్కలు వేయడం ప్రాజెక్టు. పరీక్షలో ఈ తేడా మీద ప్రశ్న తప్పకుండా వస్తుంది, కానీ ఇంత తేలిగ్గా రాదు.

జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని తీసుకుందాం. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర కనుమ నాడు 11 గ్రామాల నుంచి 11 ప్రభలు చేరుతాయి, ఏకాదశ రుద్రుల పేరిట. ఏటా జరిగేదే కదా, మరి ఇది కార్యకలాపమా? పీఎంఐ దృష్టిలో కాదు. ఈ ఏటి ప్రభకు ఈ ఏటి వెదురు, ఈ ఏటి చందా, ఈ ఏటి మోతగాళ్లు. మొదలూ ముగింపూ ఉన్నాయి కాబట్టి ఒక్కో ఊరి ప్రభ ఒక్కో ప్రాజెక్టు. పదకొండూ ఒకే తోటలో ఒకే పూట కలిస్తేనే తీర్థం అవుతుంది. విడివిడిగా దక్కని ప్రయోజనం కోసం సంబంధిత ప్రాజెక్టులను కలిపి నడపడాన్ని ప్రోగ్రామ్ అంటారు, తీర్థం అదే. ఇక ఏటా వచ్చే 5 కోట్ల ఎంపీ నిధులతో ఏ ఊళ్లో ఏ పని చేపట్టాలో, ఏది వదిలేయాలో తేల్చడం పోర్ట్‌ఫోలియో ఆలోచన. ఈ మూడింటినీ నిర్వచనాలుగా చదివితే వారానికి మరిచిపోతారు. గంగలకుర్రు ప్రభ కాలువ దాటుతుంటే చూసినవారు మరిచిపోరు.

సమయం, ఖర్చు, పని పరిధి మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటాయన్నది మరో పాఠం. కనుమ తేదీ ఎవరి కోసమూ జరగదు. చందాలు తగ్గితే ప్రభ ఎత్తు తగ్గాలి, లేదా ఎవరో ఒకరు జేబులోంచి తీయాలి. ఒకటి బిగిస్తే మిగిలినవి సడలాలి.

గన్నవరం అక్విడక్టు కూడా ఇదే చెబుతుంది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. వైనతేయ పాయకు అవతల ఉన్న నగరం దీవికి, అంటే రాజోలు వైపు పొలాలకు, ఆ నీరు అందాలంటే నది మీదుగా కాలువను దాటించాలి. 1850లలో హెయిగ్ అనే ఇంజనీరు 49 కమానులతో ఆ వంతెన కాలువ కట్టించాడు. వరద తగ్గిన తర్వాత మొదలుపెట్టి, మళ్లీ వరద రాకముందే నీటిలోని పని ముగించాలన్నది అక్కడి అసలు నిబంధన. పీఎంఐ దీన్నే షెడ్యూల్ పరిమితి అంటుంది. దాని పక్కన తర్వాతి కాలంలో కట్టిన కొత్త అక్విడక్టుకు, వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

రిస్క్‌కూ సమస్యకూ ఉన్న తేడా దగ్గర అభ్యర్థులు చాలామంది జారిపోతారు. జరగవచ్చు, జరగకపోవచ్చు అన్నంతవరకు రిస్క్. జరిగిన మరుక్షణం అది సమస్య. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి మంటలు లేచాయి. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించవలసి వచ్చింది. మంటను అదుపు చేసి బావి మూతి బిగించేసరికి మార్చి 15 అయింది. జనవరి 7 దాకా అది రిస్క్ రిజిస్టర్‌లో ఒక వరుస. జనవరి 8 నుంచి ఇష్యూ లాగ్‌లో మొదటి వరుస. ప్రశ్నలో 'జరిగింది' అని ఉందా, 'జరిగే అవకాశం ఉంది' అని ఉందా చూసుకుంటే సగం జవాబు తెలిసినట్టే.

రిస్క్‌కు స్పందించే తీరులు కూడా లంక గ్రామాల వారికి తెలిసినవే. లంకలో ఇల్లు కట్టనే వద్దనుకుంటే తప్పించడం. అరుగు ఎత్తు పెంచి కడితే తగ్గించడం. పడవకు బీమా చేయిస్తే బదిలీ చేయడం. వస్తే వచ్చిందిలే, రెండు రోజులు గట్టు మీద ఉందాం అనుకుంటే అంగీకరించడం. మన చేతిలో లేనిదాన్ని కలెక్టరు దాకా తీసుకెళ్తే పైస్థాయికి నివేదించడం.

భాగస్వాముల గురించి చదివేటప్పుడు కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గం కన్నా మంచి పాఠం దొరకదు. 2000–01లో మంజూరైన ఈ 57 కిలోమీటర్ల మార్గం గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలనూ దాటాలి. అమలాపురం ఎంపీగా, లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న జి.ఎం.సి. బాలయోగి దీనికి ప్రధాన ప్రేరకుడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించారు. ఆ తర్వాత పని కుంటుతూ నడిచింది. కేంద్రం, రాష్ట్రం వాటాలు, భూసేకరణ, మూడు పెద్ద వంతెనలు, పెరుగుతూ పోయిన అంచనాలు అన్నీ కారణాలే. అయినా పీఎంఐ భాషలో చూస్తే ప్రధానంగా కనిపించేది స్పాన్సర్ లేకపోవడం. ప్రాజెక్టుకు నిధులూ అధికారమూ తెచ్చిపెట్టి, అడ్డంకి వచ్చినప్పుడు పైవారితో మాట్లాడే వ్యక్తే స్పాన్సర్. మేనేజరు ఎంత సమర్థుడైనా స్పాన్సర్ చేయవలసిన పని చేయలేడు. పరీక్షలో 'ఎవరిని సంప్రదించాలి' అని అడిగే ప్రశ్నలకు ఈ తేడాయే ఆధారం.

ముందస్తు ప్రణాళిక పద్ధతులు

ఈ విభాగం వాటా 17 శాతమే అయినా, లెక్కలు ఉండేది ఇక్కడే. క్రిటికల్ పాత్‌కు ఒక ఉదాహరణ చూద్దాం. అంబాజీపేట దగ్గర కొబ్బరి పీచు యూనిట్‌కు షెడ్డు వేయాలి. పునాదికి 10 రోజులు. వర్క్‌షాపులో ఇనుప చట్రానికి 14 రోజులు, ఇది పునాదితో పాటే సాగుతుంది. రెండూ అయ్యాక పైకప్పుకు 5 రోజులు. కరెంటు కనెక్షన్‌కు దరఖాస్తు నుంచి 20 రోజులు. పైకప్పూ కరెంటూ సిద్ధమయ్యాక యంత్రాల బిగింపుకు 4 రోజులు.

పునాది దారి 19 రోజులు, చట్రం దారి 23, కరెంటు దారి 24. అన్నిటికన్నా పొడవైనది కరెంటు, అదే క్రిటికల్ పాత్. పునాది 5 రోజులు ఆలస్యమైనా ముగింపు తేదీ కదలదు. చట్రానికి ఒక్క రోజు వెసులుబాటే ఉంది. యజమాని రోజూ పొద్దున్నే వచ్చి తాపీమేస్త్రిని తొందరపెడుతుంటాడు, కరెంటు ఆఫీసుకు మాత్రం వెళ్లడు. క్రిటికల్ పాత్ తెలియకపోవడం అంటే ఆచరణలో ఇదే.

రెండో లెక్క ఎర్న్‌డ్ వాల్యూ. 10 లక్షల బడ్జెట్‌తో 10 వారాల్లో, సమాన వేగంతో ముగియవలసిన పని ఉందనుకుందాం. 5 వారాలు గడిచాయి. అంటే ఈపాటికి 5 లక్షల విలువైన పని కావాలి. నిజంగా 40 శాతమే అయింది, దాని విలువ 4 లక్షలు. ఖర్చు మాత్రం 4.5 లక్షలు. 4ను 5తో భాగిస్తే షెడ్యూల్ సూచిక 0.8. 4ను 4.5తో భాగిస్తే ఖర్చు సూచిక సుమారు 0.89. రెండూ ఒకటి కన్నా తక్కువే. అంటే పని వెనకబడింది, ఖర్చూ మించింది. ఇదే తీరు కొనసాగితే మొత్తం ఖర్చు 11.25 లక్షలకు చేరుతుంది. ఖర్చు 5 లక్షలు దాటలేదు కదా, బాగానే ఉంది అని మామూలు పద్దుపుస్తకం చెబుతుంది. ఆ భ్రమను తొలగించడానికే ఈ పద్ధతి. సూత్రాలు నాలుగైదే ఉన్నాయి. రెండు సూచికల్లోనూ భాగించబడేది చేసిన పని విలువే అని గుర్తుపెట్టుకుంటే సూచికలు తారుమారు కావు.

అజైల్ విభాగం

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి రాసిన అజైల్ మేనిఫెస్టోలో 4 విలువలు, 12 సూత్రాలు ఉన్నాయి. పరీక్షకు వాటితో పాటు స్క్రమ్, కాన్‌బాన్ తెలియాలి. స్క్రమ్‌లో ప్రాడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు అని మూడు బాధ్యతలు ఉంటాయి. నెలకు మించని స్ప్రింట్‌లు ఉంటాయి. కాన్‌బాన్‌లో ఒకేసారి చేతిలో ఉన్న పనుల సంఖ్యకు పరిమితి పెడతారు.

మలికిపురం, అల్లవరం వైపు వనామి రొయ్యల చెరువులున్న ఇళ్ల పిల్లలకు ఇది అర్థం కావడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. మేత వేశాక చెక్ ట్రే పైకి తీసి చూస్తారు. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తారు, ఖాళీగా ఉంటే పెంచుతారు. మూడు నాలుగు నెలల పంటకు మొదటి రోజే మేత లెక్క రాసి కళ్లు మూసుకుని నడిపే రైతు ఉండడు. సాంద్రత ఎక్కువైతే, ధర బాగుంటే మధ్యలోనే కొంత పట్టి అమ్ముతారు, మిగిలినవి పెరగనిస్తారు. చిన్న చక్రాలు, చూసి సర్దుకోవడం, విలువను విడతలుగా అందుకోవడం అన్నీ ఇందులో ఉన్నాయి. చెరువు తవ్వకం మాత్రం ముందస్తు ప్రణాళికే. సగం తవ్విన చెరువుతో ప్రయోజనం లేదు. ఏ పనికి ఏ పద్ధతి నప్పుతుంది, రెండూ కలిపిన హైబ్రిడ్ ఎప్పుడు కావాలి అన్నదే ఈ విభాగంలో అసలు ప్రశ్న.

బిజినెస్ అనాలిసిస్

నాలుగో వంతుకు మించిన ఈ భాగాన్ని అభ్యర్థులు చివరికి వదిలేస్తారు. 2023కు ముందు ఇది పరీక్షలో ఇంతగా లేకపోవడం, పాత నోట్సుల్లో కనిపించకపోవడం అందుకు కారణం. సారాంశం ఇది: అడిగినదానికీ అవసరమైనదానికీ మధ్య దూరాన్ని కనిపెట్టడం. పీచు యూనిట్ యజమాని 'ఇంకో మిషను కావాలి' అంటాడు. వెళ్లి చూస్తే ఉన్న మిషనే వానాకాలంలో సగం రోజులు ఖాళీగా ఉంటుంది, పీచు ఆరబెట్టడానికి కప్పు ఉన్న స్థలం లేక. అవసరం ఆరబెట్టే షెడ్డు, మిషను కాదు. ఇంటర్వ్యూ, పరిశీలన, కలిసి కూర్చుని చర్చించడం, పాత పత్రాలు చదవడం ఇవన్నీ అవసరాలను రాబట్టే మార్గాలు. రాబట్టిన ప్రతి అవసరమూ ఏ పనిలో తీరింది, ఎలా పరీక్షించారు అన్నది చివరిదాకా పట్టుకుని రావడానికి ట్రేసబిలిటీ మాట్రిక్స్ ఉపయోగిస్తారు. బిజినెస్ అనలిస్టుకూ ప్రాజెక్టు మేనేజరుకూ ప్రాడక్ట్ ఓనరుకూ పనుల హద్దు ఎక్కడో బాగా తెలుసుకోవాలి. ప్రశ్నలు ఆ హద్దు మీదే తిరుగుతాయి.

చదివే తీరు

రోజుకు గంటన్నర, రెండు గంటలు పెట్టగలిగితే రెండు నుంచి మూడు నెలలు సరిపోతాయి. భావనను తెలుగులో అర్థం చేసుకుని, పారిభాషిక పదాన్ని ఇంగ్లిష్‌లోనే ఉంచుకోవడం తెలుగు మాధ్యమంలో చదివినవారికి పనిచేసే పద్ధతి. ప్రతి పదానికీ తెలుగు మాట వెతకడం కాలహరణం. నలుగురు కలిసి చదివే బృందం ఉంటే, ఒకరు ఒక అంశాన్ని తెలుగులో చెప్పడం, మిగిలినవారు దాన్నే ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు రాయడం మంచి సాధన.

అంతకన్నా ముఖ్యమైనది ఆలోచన తీరు. మన పనులు చాలావరకు మాట మీద నడుస్తాయి. మేస్త్రికి ఫోను చేసి 'ఆ గోడ ఇంకో అడుగు జరుపు' అంటే జరుగుతుంది. గొడవ వస్తే ఊళ్లో పెద్దాయన దగ్గర కూర్చుంటే సర్దుకుంటుంది. పరీక్షలో ఈ రెండూ తప్పు జవాబులు. మార్పు కోరితే ముందు దాని ప్రభావాన్ని అంచనా వేయాలి, మార్పుల నియంత్రణ ప్రక్రియ ద్వారా ఆమోదం పొందాలి, పత్రాలు సవరించాలి, అప్పుడు పని. గొడవ వస్తే మొదట సంబంధితులతో నేరుగా మాట్లాడాలి. పైవారి దగ్గరికి పోవడం చివరి మాట. 'ముందుగా ఏం చేయాలి', 'అన్నిటికన్నా సరైనది ఏది' అని అడిగినప్పుడు నాలుగు జవాబులూ మంచివిగానే కనిపిస్తాయి. వాటి వరస పట్టుకున్నవారికే మార్కు. నిజ జీవితంలో ఫోను పద్ధతి పనికిరాదని దీని అర్థం కాదు. ఆ పద్ధతిలో జరిగిన పనిలో ఏది ఎప్పుడు ఎవరు చెప్పారో ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదని మాత్రం ఒప్పుకోవాలి.

పీఎంఐ నైతిక నియమావళిలోని బాధ్యత, గౌరవం, న్యాయం, నిజాయతీ అనే నాలుగు విలువలూ ప్రశ్నల్లో వస్తాయి. నిజమైన ప్రశ్నపత్రం ఇస్తామని వాట్సాప్‌లో అమ్మేవారి దగ్గర కొనడం ఆ నియమావళికే విరుద్ధం. పట్టుబడితే ఫలితం రద్దవుతుంది. పైగా ఆ సరుకులో జవాబులు తప్పులతడక.

నమూనా పరీక్షలు పూర్తి 3 గంటలూ ఒకే విడతలో రాయాలి. మంచి ప్రమాణం గల నమూనాల్లో నిలకడగా 75, 80 శాతం వస్తుంటే తేదీ తీసుకోవచ్చని అభ్యర్థుల మధ్య వాడుకలో ఉన్న లెక్క. తప్పైన ప్రశ్నలతో పాటు ఊహతో సరిపోయిన ప్రశ్నలనూ తిరిగి చూడాలి. లాభం అక్కడ ఎక్కువ.

తేదీ, చోటు

ఇక్కడ క్యాలెండరు కూడా సిలబస్‌లో భాగమే. జులై, ఆగస్టులు గోదావరి వరద నెలలు. లంకల్లో ఉండేవారికి రాకపోకలే ఆగిపోతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. 1996 నవంబరు 6 నాటి తుపానును పెద్దలు ఇంకా తలుచుకుంటారు. జనవరి మధ్యలో సంక్రాంతి మూడు రోజులూ, పందేల బరి పక్కన ఉన్న ఇళ్లలో అంతకు ముందూ వెనకా కూడా, పుస్తకం తెరుచుకోదు. ప్రణాళికలో ఆ వారాన్ని ఖాళీగా రాసుకోవడమే నిజాయతీ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సమయం అనుకూలం, కళాశాల పరీక్షలు అడ్డు రాకపోతే.

పరీక్షను పియర్సన్ వీయూఈ కేంద్రంలో రాయవచ్చు, ఇంట్లోనే ఆన్‌లైన్ పర్యవేక్షణలోనూ రాయవచ్చు. ఇంట్లో రాస్తే గదిలో మరో మనిషి ఉండకూడదు, బల్ల మీద కాగితం ఉండకూడదు, కెమెరా ముందు నుంచి లేవకూడదు. విరామంలో తప్ప. నలుగురు తిరిగే ఇంట్లో మూడు గంటలు తలుపు మూసి ఉంచడం, 'ఏం చేస్తున్నావురా' అంటూ ఎవరూ తోసుకు రాకుండా చూడటం అసలు పరీక్ష. ఇన్వర్టరూ, నమ్మదగిన ఫైబర్ కనెక్షనూ లేకపోతే కేంద్రానికి వెళ్లడమే మేలు. అమలాపురానికి రైలు లేదు. అటువైపు వారు రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరి రైలెక్కుతారు. రాజోలు వైపు వారు దిండి–చించినాడ వంతెన మీదుగానో, సఖినేటిపల్లి రేవులో పంటు దాటో నర్సాపురం రైలు అందుకుంటారు. ముందు రోజు రాత్రికే కేంద్రం ఉన్న ఊరు చేరి ఉండాలి. కేంద్రానికి అరగంట ముందు రావాలన్నది నియమం.

సాటి పరీక్షలు

సీఏపీఎం ఒక్కటే దారి కాదు. బ్రిటన్ ప్రభుత్వ పనుల నుంచి పుట్టి, 1996లో ఇప్పటి పేరు దాల్చిన ప్రిన్స్2కు ఫౌండేషన్ స్థాయి ఉంది, గంటలో 60 ప్రశ్నలు. బ్రిటన్, ఐరోపా సంస్థల వైపు చూసేవారికి అది నప్పుతుంది. ఐపీఎంఏ సంస్థకు లెవల్ డి ఉంది. పూర్తిగా సాఫ్ట్‌వేర్ బృందాల్లో చేరదలచినవారు స్క్రమ్.ఆర్గ్ వారి పీఎస్ఎం మొదటి స్థాయి రాస్తే చాలు. దానికి 80 ప్రశ్నలు, గంట సమయం, 85 శాతం రావాలి.

విలువ, కొనసాగింపు

ఈ సర్టిఫికెట్ ఒక్కటే చూసి ఉద్యోగం ఇచ్చేవారు అరుదు. అమలాపురంలోనే ఉండి పనిచేయదలచినవారికి దీని అవసరం తక్కువ. ఉపయోగం కనిపించేది హైదరాబాద్‌లోని ఐటీ సంస్థల్లో ప్రాజెక్టు కార్యాలయ ఉద్యోగాలకు, గల్ఫ్‌లోని నిర్మాణ, చమురు గుత్తసంస్థల్లో ప్లానింగ్, పత్రాల నియంత్రణ ఉద్యోగాలకు. ఒకే డిగ్రీ ఉన్న ఇద్దరిలో ఒకరిని ఇంటర్వ్యూకు పిలవడానికి ఇది సాకు అవుతుంది. తర్వాత మాట్లాడవలసింది అభ్యర్థే. కళాశాల మినీ ప్రాజెక్టుకు చార్టర్, రిస్క్ రిజిస్టర్, వారం వారం నివేదిక రాసి దాచుకున్నవారికి అక్కడ చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.

సర్టిఫికెట్ కాలపరిమితి మూడేళ్లు. ఆలోగా 15 పీడీయూలు, అంటే దాదాపు 15 గంటల వృత్తి అభ్యసనం, చూపిస్తే పొడిగిస్తారు. మళ్లీ పరీక్ష రాయనక్కర్లేదు. తర్వాతి మెట్టు పీఎంపీ. దానికి కావలసిన 35 గంటల శిక్షణ షరతు, సీఏపీఎం అమల్లో ఉన్నవారికి వర్తించదు. అనుభవం షరతు మాత్రం తప్పదు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి 36 నెలలు, ఇంటర్ స్థాయి చదువున్నవారికి 60 నెలలు ప్రాజెక్టులు నడిపించిన అనుభవం ఉండాలి. ఆ నెలల లెక్కకు ఏ పని, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, తమ బాధ్యత ఏమిటి అని రాయాలి. సీఏపీఎం వచ్చిన రోజు నుంచే ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే, నాలుగేళ్ల తర్వాత దరఖాస్తు నింపడం ఒక సాయంత్రం పని.